కాజాల డబ్బాలో కొండచిమ్మట

"ఏమ్మా, ఫ్రిజ్‌లో వెనకాల మీ యానాం డబ్బా ఒకటి ఉండింది గదా. దాన్ని వాద్యార్ సంచీలో పెట్టేస్తిని. పావం, ఆయనకి తీపంటే ప్రాణం. నువ్వేమీ అనుకోవు గదా?"

మా అత్తగారు ఫ్రిజ్ తలుపు మూస్తూ ఈ మాట అన్న క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా చేతిలో పాయసం గరిటె ఉంది. అందులోంచి ఒక చుక్క కాలి మీద పడి చురుక్కుమనిపించిందట. 'ట' అని ఎందుకంటున్నానంటే, కాలిన మచ్చ సాయంత్రం చూసుకున్నాను గానీ అప్పుడు నాకేమీ తెలియలేదు. ఆపద ముంచుకొస్తే ఒళ్ళు జలదరిస్తుందంటారు. వట్టిమాట. ఒళ్ళు అసలు పలకనే పలకదు.

ఎందుకంటే ఆ డబ్బాలో కాజాలు లేవు. నా లెక్క ప్రకారం అందులో ఎత్తైన మంచుకొండల్లో తప్ప ఎక్కడా కనిపించని అరుదైన చిమ్మట ఉంది. మా అత్తగారి లెక్క ప్రకారం మా మామగారు ఉన్నారు.

రెండు వేసవుల కిందటి మాట ఇది. చదువుతూ నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా చుట్టాలంతా ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కానీ సిగ్గుపడమని మాత్రం నన్ను అడక్కండి. ఈ కథలో సిగ్గుపడవలసిన వాళ్ళను వరసలో నిలబెడితే నేను చిట్టచివర ఉంటాను. అదీ ఎవరైనా రెక్క పట్టుకుని నిలబెడితేనే.

మాది యానాం. కాలాపేటలో సముద్రం ఒడ్డునున్న యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చదవడానికి పుదుచ్చేరి వచ్చి, పెళ్ళి చేసుకుని నటేశన్ నగర్‌లో ఉండిపోయాను. అత్తవారు కూడా తెలుగువాళ్ళే. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే. తెలుగు రాత వాళ్ళ కంటికి ముగ్గుతో సమానం. అందంగా ఉంటుంది, అర్థం ఉండదు. ఆ ఇంట్లో తెలుగు అక్షరం కనిపించేది ఒకే ఒక్క చోట. మా అమ్మ యానాం నుంచి పంపే కాజాల డబ్బాల మీద. అందువల్ల మా అత్తవారింట ఒక శాస్త్రం స్థిరపడిపోయింది. డబ్బా మీద తెలుగు ఉందంటే లోపల తీపి ఉన్నట్టే. ఈ శాస్త్రం సంగతి నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో చూడండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను భయస్తురాలిని. పిల్లలు దగ్గితే భయం, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని భయం. వాళ్ళు పడుకున్నాక ఇది రాయడానికి కూర్చున్నాను గదా, ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్ళి ముక్కుల కింద వేలు పెట్టి చూసొచ్చాను. ఊపిరి ఆడుతోంది. ముందుకు పోదాం.

అవి ఇక్కడివాళ్ళు కత్తిరి అనే నడివేసవి ఎండలు. పుదుచ్చేరిలో ఆ రోజుల్లో సముద్రానికి కూడా చెమట పడుతున్నట్టే ఉంటుంది. మర్నాడు మా మామగారి మొదటి సంవత్సరీకం. ఇక్కడి మాటలో తివసం. ఆయన మిల్లు కార్మికుడు, మెత్తని మనిషి. ఆయన పోయినప్పటి నుంచి మా అత్తగారు హాల్లో ఉన్న ఆయన ఫోటో వైపు తలెత్తి చూడలేదు. దండ మార్చాలన్నా మా వారికే చెప్పేవారు. ఏడవలేదు, ఆయన ఊసెత్తలేదు. ఇంట్లో అందరం ఆ మౌనాన్ని నీళ్ళ బిందెలా తొణకకుండా మోస్తూ తిరిగేవాళ్ళం.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు కిటికీలోంచి ఒక పెద్ద చిమ్మట వచ్చింది. ఇక్కడ విట్టిల్ పూచ్చి అంటారు. పిచ్చుకంత ఉంది. హాలంతా ఒక చుట్టు చుట్టి, సరిగ్గా మామగారి ఫోటో పైన గోడకు అతుక్కుని కూర్చుంది.

నేను చేసిన మొదటి పని పిల్లలిద్దరి కళ్ళు మూయడం. రెక్కల పొడి కళ్ళలో పడితే చూపు పోతుందని మా అమ్మమ్మ చెప్పేది. ఎమ్మెస్సీ చదివినా అమ్మమ్మ మాట ముందు పుస్తకం ఎప్పుడూ ఓడిపోతుంది. రెండో పని చీపురు అందుకోవడం.

"చీపురు కింద పెట్టు," అన్నారు మా అత్తగారు. గొంతు మెల్లగా ఉంది. "ఆయన వచ్చినారు."

ఈ ఇంటి నమ్మకం ఏమిటంటే, పోయిన పెద్దలు ఏడాది తిరిగే నాటికి ఏదో ఒక రెక్కల రూపంలో ఇంటికొస్తారు. ఒక పూట ఉంటారు. తమ పేరున పెట్టిన అన్నం చూసి, తృప్తిగా వెళ్ళిపోతారు. చూడకముందే వెళ్ళిపోయారంటే కోపంతో పోయినట్టు. ఆ కోపానికి ఇక విరుగుడు లేదు.

మా అత్తగారు రెక్క తగులుతుందని ఫ్యాను ఆపించారు. స్టూలు లాక్కుని గోడ ముందు కూర్చున్నారు. ఒక గ్లాసు కాఫీ తెచ్చి కింద పెట్టారు. ఆపైన మాట్లాడటం మొదలుపెట్టారు. ఏడాది మాటలు ఒక్కసారిగా వచ్చాయి. రేషన్ కార్డులో పేరు తీసేసిన సంగతి, కొడుక్కి బీపీ వచ్చిన సంగతి, మనవరాలికి పళ్ళు ఊడుతున్న సంగతి, అన్నీ చెప్పారు. చివరికి తిట్లలోకి దిగారు. బీరువా తాళం ఎక్కడ పెట్టాడో చెప్పకుండా పోయాడనీ, పగలగొట్టించాల్సి వచ్చిందనీ, బుద్ధి ఉన్న మనిషి చేసే పనేనా అనీ నిలదీశారు. చిమ్మట ఒక రెక్క కొంచెం కదిపింది. "తెలుసులే, నీకు జవాబు ఉండదు," అన్నారావిడ. చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మా వారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. అంతటి ఘట్టంలో ఇంటి కోడలుగా నేను ఏం చేయాలి? కళ్ళు ఒత్తుకోవాలి. నేను మాత్రం ఆ రెక్క కిందికి తొంగి చూశాను.

బూడిద రంగు రెక్కల కింద, పొట్ట మీద, గులాబీ రంగు పట్టీలు.

నా గుండె ఆగింది. ఎందుకు ఆగిందో తెలియాలంటే మీరు ఒక్క నిమిషం నాతో క్లాసుకు రావాలి. ఎమ్మెస్సీలో మాకు పురుగుల పాఠం చెప్పిన మేడమ్ ఒకరోజు హాక్‌మాత్‌ల గురించి చెప్పారు. డేగలాగా దూసుకుపోయే పెద్ద చిమ్మటలు. వాటిలో ఒక జాతి ఎత్తైన కొండల్లో, చెట్లు కూడా ఇక మావల్ల కాదని ఆగిపోయే చోట ఉంటుందట. గడ్డకట్టే చలిలో రెక్కలు వణికించి వణికించి, ఒళ్ళు వేడి చేసుకుని, అప్పుడు ఎగురుతుందట. దాని గురించి పుస్తకంలో ఉన్నది అర పేజీ. అందులో సగం 'తెలియదు' అనే మాటే. దాని గొంగళి పురుగు ఏం తింటుందో తెలియదు, ఎన్నాళ్ళు బతుకుతుందో తెలియదు. బూడిద రంగు, గులాబీ పట్టీలు, ఇంతే తెలుసు. "మీలో ఎవరైనా దీన్ని కనిపెడితే నేను లేచి నిలబడి నమస్కారం పెడతాను," అన్నారు మేడమ్. ఆవిడ ఎవరికీ లేచి నిలబడే మనిషి కాదు. ఆ నమస్కారం మీద నాకు అప్పటి నుంచీ కన్ను.

మంచుకొండల చిమ్మట నటేశన్ నగర్‌కి ఎలా వచ్చిందని మీరు అడుగుతారు. అడగండి. నా దగ్గర జవాబు ఉంది. ఆ మధ్యాహ్నమే నేను మార్కెట్లో ఊటీ కాలీఫ్లవర్ కొన్నాను. కాలీఫ్లవర్ కొండ మీద నుంచి లారీలో వచ్చింది, చిమ్మట కాలీఫ్లవర్‌లో వచ్చింది. ఊటీ మంచుకొండ కాదు గదా అంటారా? కొండ కొండే. ఆ లారీ అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగిందో మీకు తెలుసా, నాకు తెలుసా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఉన్న మతి పోలేదు. కాలీఫ్లవర్ ఎక్కి కొండకు వెళ్ళింది, అంతే.

మా వారిని పక్కకు పిలిచాను.

"ఇది మామూలుది కాదండీ."

"నాకు తెలీదా? మా నాన్న," అన్నారాయన.

ఇక ఆ ఇంట్లో సైన్సు మాట్లాడి లాభం లేదని, చప్పుడు చేయకుండా ఫోటో తీసి మేడమ్‌కి పంపాను. ఆవిడ చూడలేదు. ఫ్యాను లేని హాల్లో అందరం ఆవిరి మీద ఇడ్లీల్లా కూర్చున్నాం. అప్పుడు నాకు నా సహజమైన భయం పట్టుకుంది. కొండ చలిలో పుట్టిన ప్రాణి ఈ వేడికి తట్టుకుంటుందా? పొద్దున్నకల్లా గోడ కింద రాలి పడి ఉంటే? నా నమస్కారం పోతే పోనీ, అత్తగారి గతేమిటి? ఏడాది తర్వాత నోరు విప్పిన మనిషి ముందు ఆయన రెండోసారి చచ్చిపోవాలా? ఇలా ఆలోచించే దయగల కోడలు మీకు ఎక్కడైనా దొరుకుతుందా? ఈ ఒక్క ప్రశ్నకు మా చుట్టాల్లో ఎవరూ ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

అత్తగారు మర్నాటి వంటకు పప్పు నానబెట్టడానికి పెరట్లోకి వెళ్ళారు. మా వారు అరటాకుల కోసం బజారుకు వెళ్ళారు. నేను మా అమ్మ పంపిన ఖాళీ కాజాల డబ్బా తెచ్చి, మూతకు సూదితో బెజ్జాలు పొడిచి, చిమ్మటను సుతారంగా అందులోకి దించాను. పిల్లలు దాన్ని తెరిచేస్తారని భయం వేసి, మూత మీద పెద్ద అక్షరాలతో రాశాను: "జాగ్రత్త. లోపల ప్రాణం ఉంది. తెరవవద్దు." తెలుగులోనే రాశాను. తెలుగింట్లో తెలుగు రాయక గ్రీకు రాస్తానా? పిల్లలకు తెలుగు నేర్పుతున్న తల్లిని నేను. అప్పటికి వాళ్ళు 'అ, ఆ' దాటి 'ఇ' దగ్గర ఉన్న మాట వాస్తవమే. డబ్బా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. చల్లగా, కొండ మీద ఉన్నట్టే ఉంటుంది.

అత్తగారు తిరిగి వచ్చి గోడ వైపు చూశారు.

"యాడికి పోయినారు?"

నేను నోరు తెరిచాను. నిజం, తెరిచాను. ఆవిడ అప్పటికే ఫోటో వెనకా, కర్టెన్ వెనకా, ట్యూబ్‌లైట్ మీదా వెతుకుతున్నారు. స్టూలెక్కి అటకలోకి కూడా చూశారు. చివరికి కాఫీ గ్లాసు ముందు కూలబడ్డారు. "నేనే తరిమేస్తిని. వచ్చీ రాగానే బీరువా తాళం మాట ఎత్తితే ఏ మగోడు నిలబడతాడు?" అన్నారు. మళ్ళీ ఆ పాత మౌనంలోకి వెళ్ళిపోయారు.

అక్కడ నేను చెప్పేయాల్సింది. చెప్పలేదు. మీ మొగుణ్ణి పెరుగు పక్కన పెట్టాను అని ఏ నోటితో చెప్పేది? తెల్లారగానే తీసి అదే గోడ మీద కూర్చోబెడితే ఆయనే తిరిగొచ్చినట్టు ఉంటుంది, ఆవిడకూ శాంతి, సైన్సుకూ శాంతి అనుకున్నాను. ఉపాయం బాగానే ఉంది. దానికి అడ్డుపడింది వంటిల్లు.

తివసం రోజున తలస్నానం చేయని వాళ్ళు వంటింటి గడప తొక్కకూడదు. నేను లేచేసరికి అత్తగారు తడి జుట్టుతో పొయ్యి దగ్గరున్నారు, ఫ్రిజ్ ఆవిడ వెనక ఉంది. నేను పిల్లలకు పోసి, నేను పోసుకుని వచ్చేలోపు వాద్యార్ వచ్చేశారు. ఇక్కడ పురోహితుణ్ణి అలాగే అంటారు. ఆయన చెప్పిన వేళ కంటే ముందే వచ్చి, తనకు ఇందిరా నగర్‌లో ఇంకో తివసం ఉందని, త్వరగా కానిద్దామని కూర్చున్నారు. కోడలు ఇది అందుకో, అది అందుకో అంటూ నన్ను హాల్లోనే కట్టిపడేశారు. మా వారు నువ్వులూ నీళ్ళూ వదులుతున్నారు. అత్తగారు ప్రతి మంత్రానికీ ఒకసారి ఖాళీ గోడ వైపు చూస్తున్నారు. ఆకులో వడ పెట్టి గోడ వైపు చూశారు. పాయసం పోసి గోడ వైపు చూశారు. ఆవిడ గోడ వైపు చూసినప్పుడల్లా నేను వంటింటి వైపు చూశాను. రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల అంటారు గదా. తల నాదైతే నేనూ వెరవను. నేను పెట్టింది మామగారి తల.

వాద్యార్ వెళ్ళాక, ఎట్టకేలకు పాయసం గరిటెతో వంటింట్లోకి అడుగుపెట్టాను. అప్పుడే అత్తగారు, డబ్బా వాద్యార్ సంచీలో పెట్టానన్న ఆ మాట అన్నారు.

నేను గరిటె అక్కడే పడేసి స్కూటీ తాళం అందుకున్నాను. డబ్బా వెనక్కి తేవాలన్నాను. ఇచ్చిన తీపి వెనక్కి తెస్తే పరువేం కావాలని ఆవిడా నా వెంట పరుగెత్తుకొచ్చి, ఆపలేక, వెనక ఎక్కి కూర్చున్నారు. పిల్లల్ని మా వారి మీదికి తోసి బయలుదేరాం. దారంతా ఆవిడ సాధింపు.

"నాలుగు కాజాల కోసం ఈ ఎండలోనా? ఏంది నీకు వచ్చిన కష్టం?"

"అందులో కాజాలు లేవత్తమ్మా."

"మరేం ఉండాది?"

పురుగును పట్టనేల, పురోహితుడి వెంట పడనేల అని మనసులో అనుకుని చెప్పేశాను.

"మామయ్య."

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. బండ్లవాళ్ళకు ఎండ తగలకుండా వేసవిలో రోడ్డు మీద కట్టే పచ్చగుడ్డ నీడలో నిలబడ్డాం. నా వీపు మీద దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాను.

"ఎప్పటి నుంచి?"

"నిన్న రాత్రి నుంచి. వేడికి చచ్చిపోతారేమోనని ఫ్రిజ్‌లో పెట్టాను."

"అంటే తివసం జరిగేటప్పుడు..."

"ఇంట్లోనే ఉన్నారు."

"నేను తిట్టినందుకు పోలేదా?"

"లేదత్తమ్మా. నేనే పట్టుకెళ్ళాను."

తర్వాత నా భుజం మీద చెయ్యి పడింది. దెబ్బ కాదు, పట్టు.

"ఏ తట్టులో పెట్టినావు? పై అరలోనా, కింది అరలోనా?"

"పెరుగు పక్కన."

"పెరుగు ఆయనకి పడదు," అన్నారు. "లైటు పడింది. సీక్రం పోనీ."

ఆ తర్వాత నేను నడిపిన వేగం మా వారికి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది. తెలియనీండి, ఆయన తెలుగు చదవలేరు.

ఇందిరా నగర్‌లో ఆ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. గుమ్మం ముందు వాద్యార్ మోపెడ్ ఉంది. లోపల హాల్లో ఇంకో పెద్దాయన ఫోటో, ఇంకో దండ, ఇంకో కొడుకు పీట మీద. మధ్యలో హోమం. వాద్యార్ పక్కనే ఆయన గుడ్డ సంచీ, నిప్పు సెగ తగిలేంత దగ్గరలో. మేం చెప్పులు విప్పుతుండగా ఆ సంచీ 'బుర్‌ర్‌ర్' మంది.

వాద్యార్ మంత్రం ఆపకుండానే నడుం తడుముకుని తన ఫోన్ తీసి చూశారు. అది కాదు. పీట మీదున్న కొడుకు జేబు చూసుకున్నాడు. అది కాదు. మళ్ళీ 'బుర్‌ర్‌ర్'. చుట్టూ కూర్చున్న బంధువులంతా ఒకరొకరుగా ఫోన్లు తీసి ఆపుతున్నారు. శ్రాద్ధం దగ్గర ఇంత మర్యాద లేకుండా ఎవరి ఫోన్ ఇదంటూ వాద్యార్ కళ్ళెర్రజేశారు. నాకు మాత్రం తెలుసు. కొండ మీద చలిలో ఒళ్ళు వేడి చేసుకుంటున్న రెక్కలవి. ఆ పరిస్థితిలో కూడా నా ఛాతీ కొంచెం పొంగింది. మేడమ్ చెప్పినట్టే వణుకుతోంది గదా.

నేను ఏ అబద్ధం చెబితే పని జరుగుతుందా అని ఆలోచిస్తుండగానే మా అత్తగారు హాలు మధ్యలోకి నడిచి వెళ్ళారు.

"సామీ, మా ఇంటాయన మీ సంచీలో ఉన్నారు."

వాద్యార్ దర్భ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. ఆయన ఆవిడను చూశారు, సంచీని చూశారు. ఎంతో ఓపికగా అన్నారు.

"ఇప్పుడే గదమ్మా ఆయన్ని పంపించి వచ్చినాను."

"పోలేదు సామీ. మీ వెంటే వచ్చేసినారు."

సంచీ మూడోసారి బుర్రుమంది. వాద్యార్ లేచి రెండు బారలు వెనక్కి జరిగారు. అంత పెద్దమనిషి అంత చురుగ్గా కదలగలరని ఆయనకూ తెలిసుండదు. నేను డబ్బా తీసి మూత విప్పాను. చిమ్మట అంచు మీద నిలబడి ఒక్క క్షణం వణికి, రివ్వున లేచింది. హోమం చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి, ఆ ఇంటి పెద్దాయన ఫోటో మీద కూర్చుంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న ఆ ఇంటి ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "వచ్చేసినారు," అంది తమిళంలో. కొడుకు పీట మీద నుంచి లేచి సాష్టాంగపడ్డాడు.

"మీ ఆయన కాదమ్మా," అన్నారు మా అత్తగారు. "మా ఆయన. మా ఫ్రిజ్‌లో నుంచి వచ్చినారు."

హాలంతా నా వైపు తిరిగింది. ఈ ఆడవాళ్ళకు మతి పోయిందని ఒకాయన గొణిగాడు. కొడుకు, మా నాన్న మా ఫోటో మీద కూర్చుంటే మీదెట్లా అవుతుందని అడ్డం నిలిచాడు. అత్తగారు డబ్బా సాక్ష్యం చూపించారు. నేను నోరు తెరిచి ఇది ఎవరి నాన్నా కాదు, అరుదైన హాక్‌మాత్ అని చెప్పబోయాను. వాద్యార్ నన్ను చేత్తోనే ఆపేశారు. "మీరు చేసింది చాలమ్మా," అన్నారు.

ఆ గొడవలో ముసలమ్మ మాత్రం ఏమీ వినలేదు. ఫోటో వైపే చూస్తోంది. ఆ చూపు మాకు కొత్తది కాదు. పొద్దున్నంతా ఖాళీ గోడ మీద చూసిన చూపే. మా అత్తగారి గొంతు దానంతటదే తగ్గింది. వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చున్నారు.

"సరి అక్కా. మీ ఆయనకి ఏదన్నా చెప్పాలంటే చెప్పండి. మా ఆయన పోయి చెప్తారు."

ముసలమ్మ చెప్పింది. ఏం చెప్పిందో రాయను, అది నాకోసం చెప్పింది కాదు. చాలాసేపు చెప్పింది. చిమ్మట కదల్లేదు. చెప్పడం అయ్యాక తలుపులోంచి ఎండలోకి ఎగిరి, ఎదురింటి మునగచెట్టు మీదుగా వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మం దాకా వెళ్ళి సాగనంపారు. వాద్యార్ ఖాళీ డబ్బా చూసి, కాజాలు కూడా లేవా అని అడిగి కూర్చున్నారు.

ఇంటికొచ్చాక మా వారు అంతా విన్నారు. కాసేపు ఫోటోను, కాసేపు నన్ను చూశారు.

"మా నాన్నని ఫ్రిజ్‌లో పెట్టే ముందర నన్ను ఒక మాట అడగలా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"పై తట్టులో పెట్టమనేవాణ్ణి. అది ఇంకా చల్లగా ఉంటాది," అని పోయి పడుకున్నారు.

సాయంత్రం మేడమ్ జవాబు వచ్చింది. వెంటనే తెరిచాను. ఆవిడ లేచి నిలబడలేదు. ఇది మంచుకొండల చిమ్మట కాదట. కాకిలాగా ఎక్కడ పడితే అక్కడ కనిపించే మామూలు హాక్‌మాత్ అట. మన కాలాపేట ఇసుకలో పాకే ఊదా పూల తీగల మీదే దీని పిల్లలు పెరుగుతాయట. "రెండేళ్ళు మీరు మధ్యాహ్నం టిఫిన్ తిన్నది ఆ తీగల మీద కూర్చునే. ఒక్కసారి కూడా కిందికి చూడలేదన్న మాట," అని రాశారు. కొండను తవ్వి ఎలుకను పట్టినా నయం, కనీసం కొండ నిజమైనది. నేను కాలీఫ్లవర్‌ను తవ్వాను.

"ఏమంటాది మీ టీచరమ్మ?" అని అడిగారు అత్తగారు. ఆవిడ ఆ సాయంత్రం తనంతట తానే ఫోటోకు కొత్త దండ వేస్తున్నారు.

"మామూలుదేనట అత్తమ్మా. దీని పిల్లలన్నీ కాలాపేటలోనే ఉంటాయట."

దండ వేస్తున్న చెయ్యి ఆగింది. ఆవిడ నెమ్మదిగా ఫోటో వైపు తిరిగారు. ఏడాదిగా తలెత్తి చూడని ముఖంలోకి సూటిగా, చాలాసేపు చూశారు.

"కాలాపేటలో పిల్లలా?" అన్నారు. "అందుకే గదా అన్ని నైట్ షిఫ్టులు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. మా మామగారు పోయాక ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి. అందుకే చెబుతున్నాను, నాకు సిగ్గు లేదు. తప్పు పేరు పెట్టాను, నిజమే. కానీ ఆ ఇంట్లో దాని రెక్క కిందికి వంగి చూసింది నేనొక్కదాన్నే. మీరు మీ గోడ మీది పురుగును ఎప్పుడైనా వంగి చూశారా? చూడండి. ఆ తర్వాత నన్ను చూసి నవ్వండి.

అయినా అడిగిన వాళ్ళ తృప్తి కోసం ప్రమాణం చేస్తున్నాను. పంచభూతాల సాక్షిగా, పిల్లల తలల మీద చెయ్యి పెట్టి (వద్దు, పిల్లల తలల మీద వద్దు, నా తల మీదే పెట్టుకుని), ఇకమీదట మా అత్తవారి వైపు పెద్దలెవరినీ, వాళ్ళు ఏ రూపంలో వచ్చినా, ఎంత వేడిగా ఉన్నా, ఇంటావిడ రాతపూర్వకమైన అనుమతి లేకుండా చల్లబరచను. మా పుట్టింటి వైపు వాళ్ళ సంగతి ఈ ప్రమాణంలో లేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి అత్తగారు చీర మార్చుకుని, గొడుగు పట్టుకుని, కాలాపేట బస్సు ఎన్నింటికని అడుగుతున్నారు. నేను పిల్లలిద్దరినీ వంటింట్లోకి పిలిచి, దోసె తొందరగా తినమన్నాను. ఎండలో టోపీ తీయకూడదన్నాను, నీళ్ళ వైపు ఒక్క అడుగు కూడా వేయకూడదన్నాను. తర్వాత తలుపు దగ్గరగా వేసి చెప్పాను.

"అక్కడ ఆకుల మీద గొంగళి పురుగులుంటాయి. ఎంతసేపైనా చూడండి, ఎన్నైనా చూడండి. నానమ్మ ముందర మాత్రం వాటిని బాబాయ్ అని పిలవకండి."